ఒకే మట్టికి రెండు రిపోర్టులు: జింక్ 118 అని ఒకరు, 0.5 అని ఇంకొకరు. ఆకుకూరలు తినొచ్చా?

గాజువాక_పెరడు:

నమస్తే అండి అందరికీ. మాది గాజువాక దగ్గర, ఇంటి వెనక చిన్న పెరడు ఉంది, ఇల్లు కట్టినప్పుడు మిగిలిన ఇటుక ముక్కలూ సిమెంటు పెళ్ళలూ ఏళ్ళ తరబడి అక్కడే పడున్నాయి, ఈ ఏడాది అదంతా తీయించి తోటకూర, పాలకూర, గోంగూర, నాలుగు వంగ మొక్కలు వేశాం. పాపకి రెండేళ్ళు, రోజంతా ఆ మట్టిలోనే ఉంటుంది. చుట్టూ ఫ్యాక్టరీలున్న ఏరియా కదా, మట్టి టెస్ట్ చేయించకుండా ఆ కూర వండను అని మా ఆవిడ గట్టిగా చెప్పేసింది. సబ్బవరం దగ్గర మా మావయ్యగారికి ఎకరం ఎర్రనేల ఉంది, పనిలో పనిగా ఆ మట్టి కూడా ఇచ్చాం.

ముందు ఒక ప్రైవేట్ ల్యాబ్‌కి ఇచ్చాం. కిలో మట్టికి మిల్లీగ్రాముల్లో ఇచ్చారు. మా పెరడు: జింక్ 118, లెడ్ 88, కాపర్ 41, కాడ్మియం 0.5. సబ్బవరం: జింక్ 46, లెడ్ 17, కాపర్ 22, కాడ్మియం దొరకలేదు. "మీ పెరట్లో హెవీ మెటల్స్ ఉన్నాయండి, జాగ్రత్త" అన్నాడు అక్కడి అబ్బాయి.

తర్వాత మావయ్యగారు అదే మట్టి వ్యవసాయ ల్యాబ్‌లో ఇచ్చారు. వాళ్ళ రిపోర్ట్‌లో పెరడు: జింక్ 0.5, ఐరన్ 3.1, రెండింటి పక్కనా "తక్కువ" అని రాసుంది, పీహెచ్ 8.2, ఆర్గానిక్ కార్బన్ 0.35 శాతం. సబ్బవరం: జింక్ 0.9, ఐరన్ 14, పీహెచ్ 5.7, కార్బన్ 0.45. పెరడుకి జింక్ సల్ఫేట్ వేసుకోమని సలహా కూడా రాశారు.

అంటే ఒకళ్ళు లోహాలు ఎక్కువయ్యాయి అంటున్నారు, ఇంకొకళ్ళు చాలట్లేదు ఇంకా వెయ్యి అంటున్నారు, రెండూ అదే మట్టి. పైగా మా గోంగూర కొత్త ఆకులు పసుపు తిరిగి ఈనెలు మాత్రం ఆకుపచ్చగా ఉన్నాయి, మావయ్యగారి చేలో మాత్రం సగం జింక్ కూడా లేని మట్టిలో గోంగూర నిగనిగలాడుతోంది. ఎవరిని నమ్మాలి? ఆకుకూరలు తినొచ్చా పీకేయాలా?


నేల_కెమిస్ట్రీ:

రెండు రిపోర్టులూ కరెక్టేనండి. రెండు ల్యాబులూ రెండు వేరే ప్రశ్నలు అడిగాయి, అంతే. మట్టి పరీక్షల పనిలో చాలా కాలం ఉన్నాను కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను, ఓపిగ్గా చదవండి.

ప్రైవేట్ ల్యాబ్ మీ మట్టిని నైట్రిక్, హైడ్రోక్లోరిక్ ఆసిడ్లలో మరిగించింది. అందులో రాతి గింజల్లో బిగుసుకున్న దాన్ని కొంత వదిలేస్తే మిగతాదంతా కరిగి బయటికి వచ్చేస్తుంది. అది "మొత్తం" లెక్క. ఏ వేరూ ఎప్పుడూ మట్టిని ఆసిడ్‌లో మరిగించదు కదా. వ్యవసాయ ల్యాబ్ చేసింది డీటీపీఏ పరీక్ష, 10 గ్రాముల మట్టికి 20 మిల్లీలీటర్ల ద్రావణం పోసి రెండు గంటలు ఊపి వడకడతారు, ఆ వడకట్టిన నీళ్ళలోకి ఎంత వచ్చిందో చూస్తారు. లిండ్సే, నార్వెల్ అనే ఇద్దరు 1978లో ప్రచురించిన పద్ధతి, మన దేశంలో సాయిల్ హెల్త్ కార్డ్‌లో జింక్, ఐరన్, కాపర్, మాంగనీస్ అంకెలు దీంతోనే వస్తాయి. జింక్ 0.6 కంటే, ఐరన్ 4.5 కంటే తక్కువ వస్తే లోపం అంటారు. ఇది మొక్క అందుకోగలిగిన భాగానికి దగ్గరగా ఉండే లెక్క. మీ పెరటి జింక్ 118 బీరువాలో ఉన్న డబ్బు అనుకోండి, 0.5 జేబులో ఉన్నది. సబ్బవరంలో బీరువా చిన్నది, జేబులో మాత్రం ఎక్కువుంది.

ఎందుకలా అంటే మొదటి కారణం పీహెచ్, అంటే నేల ఎంత పుల్లగా ఉందో చెప్పే అంకె, 7 కంటే తక్కువైతే ఆమ్లం, ఎక్కువైతే క్షారం. నేల ద్రావణంలో జింక్ అయాన్ పీహెచ్ ఒక్క పాయింట్ పెరిగితే సుమారు వంద రెట్లు తగ్గుతుంది, ఐరన్ అయితే వెయ్యి రెట్లు. మీ రెండు మట్టులకీ తేడా రెండున్నర పాయింట్లు, లెక్క మీరే వేసుకోండి. ఆమ్ల నేలలో హైడ్రోజన్ అయాన్లు ఎక్కువుండి బంకమట్టి మీదా హ్యూమస్ (ఆకు అలమ కుళ్ళి మట్టిలో కలిసిన నల్లటి పదార్థం) మీదా ఉన్న చోటు కోసం జింక్, కాడ్మియం, లెడ్‌తో పోటీపడతాయి, దాంతో లోహాలు నీళ్ళలోకి వచ్చేస్తాయి. పీహెచ్ పెరిగేకొద్దీ అవే లోహాలు ఐరన్ ఆక్సైడ్ల మీద గట్టిగా అంటుకుంటాయి, కొన్ని కార్బనేట్‌గా, హైడ్రాక్సైడ్‌గా గడ్డకడతాయి. మీ పెరట్లో ఇన్నేళ్ళు సిమెంటు పెళ్ళలు నానాయి అన్నారు చూడండి, ఆ 8.2 అక్కణ్ణుంచే వచ్చింది. విశాఖ చుట్టుపక్కల ఎర్రనేలలు మామూలుగా అంత క్షారంగా ఉండవు. ఊళ్ళలో ఇళ్ళ పక్క మట్టిలో మాత్రం సున్నం, సిమెంటు వల్ల ఇది చాలా చోట్ల కనిపిస్తుంది.

రెండోది బంకమట్టి రకం. మన తూర్పు కనుమల ఖోండలైట్ రాయి శిథిలమై వచ్చిన ఎర్రమట్టిలో ఎక్కువగా కయోలినైట్ ఉంటుంది, దానికి లోహాలని పట్టి ఉంచే శక్తి బాగా తక్కువ. నల్లరేగడిలో ఉండే బంకకి దానికి పది రెట్ల దాకా ఉంటుంది. ఎర్రమట్టికి దన్ను ఆ ఎర్ర రంగే, అంటే హెమటైట్ లాంటి ఐరన్ ఆక్సైడ్లు, అవి లెడ్‌నీ ఆర్సెనిక్‌నీ బాగా పట్టుకుంటాయి, కాడ్మియంని అంతగా పట్టుకోలేవు. అందుకే పీహెచ్ 5.7 ఉన్న ఎర్రనేలలో కొంచెం కాడ్మియం పడినా ఆకుకూరలోకి చురుగ్గా వెళ్ళిపోతుంది. మావయ్యగారి చేలో అది దొరకలేదు, సంతోషం.

మూడోది సేంద్రియ పదార్థం. కాపర్, లెడ్ హ్యూమస్‌కి విపరీతంగా అతుక్కుంటాయి. మీ రెండు మట్టుల్లోనూ కార్బన్ 0.5 కంటే తక్కువ, ఇది నాకు నచ్చని అంకె, మీ లెడ్ 88 కంటే కూడా.

కాబట్టి పెరటి మొక్కల సంగతి వరకు: ఆకులు పసుపెక్కడం ఐరన్ లోపం, కొత్త ఆకుల్లో ఈనెలు పచ్చగా ఉండి మధ్యభాగం పసుపు అంటే అదే. నత్రజని లోపమైతే ముదురాకులు ముందు పసుపెక్కేవి.


పెందుర్తి_ఆకుకూరలు:

మేడమ్ గారు బాగా చెప్పారు, నాకూ చాలా విషయాలు తెలిశాయి. గాజువాక తమ్ముడూ, మనం ఆకుకూరలు పండించి రైతుబజారులో అమ్ముతాం, నాకు తెలిసింది చెప్తాను. బోరునీళ్ళు పెట్టీ పెట్టీ మా మడుల్లో కూడా ఒక మూల ఇలాగే పాలిపోద్ది, ఆ నీళ్ళు కాగబెడితే గిన్నెకి తెల్లగా పట్టుద్ది, ఆ సున్నమే నేలకి ఎక్కేస్తది. దానికి లీటరు నీళ్ళకి 5 గ్రాముల అన్నభేది (ఐరన్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి సాయంత్రం పూట ఆకు తడిసేలా కొడతాం, నిమ్మ ఉప్పు ముందు కలపాలి, లేకపోతే అన్నభేది తుప్పు రంగులోకి తిరిగిపోద్ది. వారం తిరిగేసరికి కొత్త ఆకు పచ్చగా వస్తది.

ఇంకో మాట, నేల పుల్లగా చేసేస్తే జబ్బు మొదలంటా పోతది కదా. గంధకం పొడి నేలలో కలిపి, అప్పుడప్పుడు పుల్ల మజ్జిగ పోసుకుంటూ ఉండు. పీహెచ్ ఆరున్నరకి దిగితే జింక్, ఐరన్ అన్నీ వాటంతటవే అందుతాయి, బస్తాలు కొనక్కర్లేదు. ఆ బీరువాలో ఉన్నదంతా మన డబ్బే కదేటి, బయటికి తీసుకోడమే.


నేల_కెమిస్ట్రీ:

అన్నగారూ అన్నభేది పిచికారీ నూటికి నూరుపాళ్ళు సరైన సలహా. మీ మడుల్లోనైతే గంధకం మాట కూడా నేను కాదనను. కానీ ఈ పెరట్లో మాత్రం దయచేసి వద్దు, ఇది గట్టిగా చెప్తున్నాను.

ఆ బీరువాలో జింక్, ఐరన్ ఒక్కటే లేవు. 88 లెడ్, 0.5 కాడ్మియం కూడా అందులోనే ఉన్నాయి. ఇప్పుడు వాటిని కదలనీయకుండా ఉంచుతున్నది ఆ 8.2 పీహెచ్చే. గోంగూరకి ఐరన్ అందాలని దాన్ని దించితే జింక్‌తో పాటు కాడ్మియం కూడా కదులుతుంది, మొక్కకి ఆ రెండింటి మధ్య తేడా పెద్దగా తెలియదు, రసాయనికంగా అవి అన్నదమ్ములు. కాబట్టి ఇక్కడ ఐరన్ లోపాన్ని ఆకు మీదే తీర్చుకోవాలి, నేలని పుల్లబరచకూడదు.

పైగా ఆ సున్నం అంత తేలిగ్గా లొంగదు. ఎకరం నేలలో పై 15 సెంటీమీటర్ల మట్టి సుమారు 900 టన్నులు, అందులో 1 శాతం సున్నం ఉన్నా 9 టన్నులు, దాన్ని విరవడానికి దాదాపు 3 టన్నుల గంధకం కావాలి. పెరడుకి తగ్గట్టు భాగించుకున్నా అది దోసిళ్ళతో చల్లే పని కాదు. కొద్దికొద్దిగా వేస్తే చల్లిన చోట్ల పులిసి మిగతాది అలాగే ఉండి అక్కడక్కడా మచ్చలు మచ్చలుగా లోహాలు కదులుతాయి, అది ఇంకా అన్యాయం.

ఇంకోటి, షాపులో చీలేటెడ్ మైక్రోన్యూట్రియంట్ అని అమ్ముతారు, వాటిలో చాలావరకు ఈడీటీఏ ఉంటుంది. ఆకు మీద చిన్న మోతాదులో కొడితే పర్లేదు, లెడ్ ఉన్న నేలలో మాత్రం కుమ్మరించకండి. ఈడీటీఏ లెడ్‌ని కూడా పట్టుకుని నీళ్ళలోకి లాగేస్తుంది, కలుషిత నేలల నుంచి ఆవ మొక్కలతో లెడ్ లాగించాలని చూసినప్పుడు పరిశోధకులు వాడింది అదే. కూర కోసం పెంచే మడిలో మనకి కావాల్సింది సరిగ్గా దానికి వ్యతిరేకం.

జింక్ సంగతి. ల్యాబ్ రాసిచ్చినట్టు జింక్ ఇవ్వడం మంచిదే, మొత్తం 118 ఉంది కదా ఇంకా ఎందుకు అనిపిస్తుంది గానీ, జింక్‌కి ఆకలితో ఉన్న మొక్క కాడ్మియంని ఎక్కువ లాక్కుంటుంది. లీటరుకి 2 గ్రాముల జింక్ సల్ఫేట్ ఆకు మీద కొట్టండి, అన్నభేది కొట్టిన రోజు కాకుండా ఇంకో రోజు.

ఇక తినొచ్చా అన్న ప్రశ్న. మొక్కలోకి లెడ్ వేళ్ళ దగ్గరే ఆగిపోతుంది, ఆకు దాకా చాలా కొద్దిగా ఎక్కుతుంది, ఆకుకూరలో లెడ్ వచ్చిందంటే ఎక్కువ భాగం పైన పడ్డ దుమ్ము, వానకి ఎగిరి అంటుకున్న మట్టి. కాడ్మియం అలా కాదు, ఆకుల్లోకి బాగా వెళ్తుంది, పాలకూర, తోటకూర ముందు వరసలో ఉంటాయి. బెండ, బీర, ఆనప, టమాటా కాయల్లోకి తక్కువ వెళ్తుంది. వంగ ఈ కాయగూరల్లో కొంచెం ఎక్కువ తీసుకునే రకం, అడవి వంగ మొదలు మీద అంటు కడితే కాయలో కాడ్మియం తగ్గుతుందని జపాన్‌లో చూశారు. మీ పెరట్లో 0.5 అంటే భయపడాల్సినంత కాదు, పీహెచ్ కూడా మీ పక్షాన ఉంది. నేనైతే ఆ నేలలో బెండ, బీర, ఆనప వేసి, ఆకుకూరలు మాత్రం ఎత్తు మడి కట్టి మంచి మట్టిలో పెంచుతాను. ఇప్పుడున్నవి పీకేయక్కర్లేదు, బాగా కడిగి తినండి, ఒక్క మీ పెరటి కూరే రోజూ కాకుండా చూసుకోండి.


గాజువాక_పెరడు:

చాలా థాంక్స్ మేడమ్, అన్నగారూ. మీరు సిమెంటు అనగానే ఇప్పుడే పెరట్లోకెళ్ళి ఎండిన మట్టి గుప్పెడు పళ్ళెంలో పోసి నిమ్మకాయ పిండాను, సన్న సన్న బుడగలొచ్చి చిటచిటమని చప్పుడు కూడా వినిపించింది. మావయ్యగారి మట్టి కొంచెం కవర్లో మిగిలుంటే దాని మీద కూడా పిండాను, తడిసి ముద్దయింది తప్ప ఏమీ కాలేదు. మా ఆవిడ కూడా చూసింది, అప్పటిదాకా అంకెలు అంకెలుగానే ఉన్నాయి, ఇప్పుడు అర్థమైంది అంది.

కానీ తను అడుగుతున్న ప్రశ్న ఇంకొకటి. మొక్కకి లెడ్ అందట్లేదు సరే, పాప మట్టి చేతులు నోట్లో పెట్టుకుంటుంది కదా, అప్పుడు కూడా ఈ పీహెచ్ 8.2 కాపాడుతుందా?


నర్సక్క_మధురవాడ:

మీ ఆవిడ అడిగింది చాలా ముఖ్యమైన ప్రశ్న, చెల్లికి నా తరఫున చెప్పండి. జవాబు, కాపాడదు. కడుపులో ఉండే ఆసిడ్ పీహెచ్ ఒకటిన్నర రెండు ఉంటుంది, అక్కడికి వెళ్ళాక నేల పీహెచ్ ఎంతైతేనేం. వేరుకి అందేది వేరు, పాప కడుపుకి అందేది వేరు. దీనికి వేరే పరీక్షే ఉంది, మట్టిని పీహెచ్ 1.5 ఉన్న గ్లైసిన్ ద్రావణంలో, ఒంటి వేడి 37 డిగ్రీల దగ్గర గంటసేపు తిప్పి ఎంత లెడ్ కరిగిందో చూస్తారు. సిమెంటు మట్టిలో కార్బనేట్‌గా ఉన్న లెడ్ అందులో బాగా కరుగుతుంది.

అలాగని హడలిపోకండి. అమెరికాలో ఇళ్ళ దగ్గర మట్టికి లెడ్ హద్దు చాలాకాలం 400 ఉండేది, 2024లో 200 చేశారు, మీది 88. రెండేళ్ళ పిల్లలు రోజుకి 100 మిల్లీగ్రాముల మట్టి, దుమ్ము మింగుతారనుకుంటే మీ మట్టితో దాదాపు 9 మైక్రోగ్రాముల లెడ్ నోట్లోకి వెళ్తుంది. దాన్ని తగ్గించగలిగినంత తగ్గించాలి, ఎందుకంటే పిల్లల ఒంటికి లెడ్ పెద్దవాళ్ళకంటే నాలుగైదు రెట్లు ఎక్కువ పడుతుంది, ఇంతవరకు ఫర్వాలేదు అని చెప్పగలిగిన మోతాదంటూ లేదు. ఐరన్, కాల్షియం తక్కువున్న పిల్లలకి ఇంకా ఎక్కువ పడుతుంది, కాబట్టి పాపకి రక్తం తక్కువ లేకుండా చూసుకోవడం కూడా ఇందులో భాగమే, పాలు, గుడ్డు, రాగిజావ మానకండి.

మొక్కల మధ్య బోసి నేల కనిపించకుండా ఎండుగడ్డో, కొబ్బరి పీచో, చెరుకు పిప్పో పరవండి. పాప ఆడుకునే మూలకి వేరే ఇసుక పోయించండి. బయట నుంచి రాగానే, అన్నానికి ముందూ సబ్బుతో చేతులు. ఇంట్లో చీపురుకంటే తడిగుడ్డ మంచిది. పాత కిటికీల పెయింట్ పెచ్చులూడుతుంటే అదొకటి చూసుకోండి, మన దేశంలో ఇళ్ళ పెయింట్లలో లెడ్ 90 పీపీఎం దాటకూడదని రూల్ 2017 నవంబర్ నుంచే అమల్లోకి వచ్చింది, అంతకు ముందు వేసినవాటిలో ఎంతుందో ఎవరు చూశారు. పెట్రోల్‌లో లెడ్ 2000లో ఆపేశారు గానీ రోడ్డు పక్క మట్టిలో పడింది ఎక్కడికీ పోదు. మనసులో పీకుతూ ఉంటే పాపకి ఒకసారి రక్తంలో లెడ్ పరీక్ష చేయించండి, డాక్టర్ని అడిగితే రాసిస్తారు. డెసిలీటర్‌కి 3.5 మైక్రోగ్రాములు దాటితే ఎక్కణ్ణుంచి వస్తోందో వెతకాలి అంటారు.


భీమిలి_వరి:

మధ్యలో వస్తున్నాను, ఏమనుకోవద్దు. మాకు భీమిలి దగ్గర వరి. జింక్ లోపం మాకు ప్రతిసారీ ఉంటది, నాటిన రెండు మూడు వారాలకి ఆకు మీద తుప్పు మచ్చలొస్తాయి, దుబ్బు కట్టదు. నేల పీహెచ్ ఆరు చిల్లర, క్షారమేం కాదు, ఎండాకాలం టెస్టులో జింక్ సరిపడా ఉన్నట్టే వస్తది, నీళ్ళు పెట్టాక మాత్రం లోపం. మేడమ్ గారు పీహెచ్ తక్కువుంటే అందుద్ది అన్నారు కదా మరి ఇదేటి? ఇంకోటి, సముద్రం వైపున్న మడుల్లో ఉప్పు ఎక్కువ, దాంతో ఏమైనా తేడా ఉంటదా.


నేల_కెమిస్ట్రీ:

మంచి ప్రశ్న అండి, వరి మడి అసలు వేరే ప్రపంచం. నీళ్ళు నిలబెట్టాక రోజుల్లోనే మట్టిలో ఆక్సిజన్ అయిపోతుంది, అక్కడి సూక్ష్మజీవులు ఊపిరి కోసం ముందు నైట్రేట్‌ని, తర్వాత మాంగనీస్, ఐరన్ ఆక్సైడ్లని, చివరికి సల్ఫేట్‌ని వాడుకుంటాయి. ఈ మార్పులన్నీ ఆమ్లాన్ని మింగేస్తాయి, అందుకే మీ ఆరు చిల్లర పీహెచ్ నీళ్ళ కింద ఏడు దగ్గరికి చేరుతుంది. పైగా బైకార్బనేట్ పెరుగుతుంది, సల్ఫైడ్ పుడుతుంది, జింక్ అందులో చిక్కుకుపోతుంది. ఎండు మట్టిని టెస్ట్ చేస్తే వచ్చిన అంకె ఎండు మట్టికే వర్తిస్తుంది. ఆఖరి దమ్ములో ఎకరాకి 20 కిలోల జింక్ సల్ఫేట్ వేయండి, డీఏపీతో కలపకండి, రెండింటికీ కనీసం మూడు రోజులు ఎడం ఉండాలి, లేకపోతే భాస్వరం జింక్‌ని పట్టేస్తుంది. పంట మీద మచ్చలు కనిపిస్తే లీటరుకి 2 గ్రాములు ఐదు రోజుల ఎడంతో రెండు మూడుసార్లు పిచికారీ.

ఇదే నీళ్ళ సంగతి కాడ్మియం విషయంలో ప్రాణం మీదకొస్తుంది. జపాన్‌లో తొయామా ప్రాంతంలో జింజు నది నీళ్ళతో వరి పండించేవాళ్ళు, ఎగువన గని నుంచి కాడ్మియం నదిలో కలిసేది. ఆ బియ్యం తిన్నవాళ్ళకి, ముఖ్యంగా ఆడవాళ్ళకి, కిడ్నీలు దెబ్బతిని ఎముకలు మెత్తబడి కదిలితే విరిగేవి, ఇతాయ్ ఇతాయ్ (అంటే నొప్పి, నొప్పి) అని పేరొచ్చింది ఆ జబ్బుకి, 1968లో అక్కడి ప్రభుత్వం అది కాలుష్యం వల్లేనని ఒప్పుకుంది. నీళ్ళు నిలిచినన్నాళ్ళూ కాడ్మియం సల్ఫైడ్‌గా కదలకుండా ఉంటుంది, మడి ఆరబెట్టగానే ఆ సల్ఫైడ్ విడిపోయి గింజ పాలుపోసుకునే సమయానికి వేళ్ళకి అందుతుంది. అందుకని అక్కడ ఇప్పుడు వెన్ను తీసే ముందు మూడు వారాలు, తర్వాత మూడు వారాలు మడిలో నీళ్ళు ఉంచమంటారు.

అయితే ఆర్సెనిక్ దీనికి పూర్తిగా ఎదురు. అది ఐరన్ ఆక్సైడ్లకి అతుక్కుని ఉంటుంది, నీళ్ళ కింద ఆ ఆక్సైడ్లు కరగగానే అదీ బయటపడుతుంది, బెంగాల్, బంగ్లాదేశ్ వరిలో బాధ అదే. పీహెచ్ పెరిగినా లెడ్, జింక్‌లాగా అణగదు, ఇంకా కదులుతుంది. కాబట్టి పీహెచ్ పెంచితే అన్ని లోహాలూ ఆగిపోతాయని ఎవరైనా చెప్తే నమ్మకండి, ఏ లోహమో చూడాలి. మన గరివిడి, చీపురుపల్లి వైపు మాంగనీస్ ఉన్న నేలల్లో కూడా ఇంతే, పొడి నేలలో పీహెచ్ ఆరున్నర ఉన్నన్నాళ్ళూ మాంగనీస్ దాని పాటికి అది ఉంటుంది, ఐదున్నర కిందికి దిగినా నీళ్ళు నిలిచినా కరిగి బయటికొస్తుంది.

ఉప్పు మడుల సంగతి కూడా మీరడిగింది నిజమే. క్లోరైడ్ కాడ్మియంతో జతకట్టి నీళ్ళలో తేలిగ్గా తిరిగే రూపం ఇస్తుంది, మట్టి దాన్ని సరిగ్గా పట్టుకోలేదు. మొత్తం కాడ్మియం ఒక్కటే ఉన్నా ఉప్పునేలలో పంటలోకి ఎక్కువ వెళ్తుంది. మీ దగ్గర కాడ్మియం వచ్చే దారి పెద్దగా లేకపోతే దీని గురించి నిద్ర మానుకోవక్కర్లేదు, ఫాస్ఫేట్ ఎరువులతో కొంచెం వస్తుంది కాబట్టి భాస్వరం టెస్ట్ చూసి కావాల్సినంతే వేయండి.


పెందుర్తి_ఆకుకూరలు:

మేడమ్ గారు చెప్పింది విన్నాక గంధకం మాట పక్కన పెట్టేద్దాం తమ్ముడూ, పాప ఉన్న ఇల్లు. ఎత్తు మడి సంగతి నేను చెప్తాను. ఇటుకలతో అడుగు ఎత్తు గట్టు కట్టు, పాత రంగులేసిన చెక్కలు వాడకు. మీ మావయ్యగారి ఎర్రమట్టి రెండు వంతులు, బాగా మాగిన గెత్తం, అంటే పశువుల ఎరువు, ఒక వంతు. గెత్తం పచ్చిది వద్దు, ముట్టుకుంటే చల్లగా, వాసన లేకుండా పొడిపొడిగా ఉండాలి. ఎర్రమట్టి అమ్ముతాం అని టిప్పర్లు తిరుగుతుంటాయి, ఎక్కడి నుంచి తవ్వారో అడుగు, ఎర్రమట్టి దిబ్బల వైపు నుంచి తెచ్చిందైతే అసలు ముట్టుకోకు, అవి మళ్ళీ పుట్టవు.

బస్తాల్లో సిటీ కంపోస్ట్ దొరుకుద్ది కదా అది వేయొచ్చా మేడమ్? చెత్త నుంచి చేస్తారు, అందులో బ్యాటరీలూ అవీ కూడా పడతాయి అంటారు.


నేల_కెమిస్ట్రీ:

బస్తా మీద ఎఫ్‌సీఓ (కేంద్రం ఎరువుల నియంత్రణ ఉత్తర్వు) ప్రకారం అని ఉండాలి అన్నగారూ, ఆ రూల్ ప్రకారం సిటీ కంపోస్ట్ కిలోలో లెడ్ 100, కాడ్మియం 5 మిల్లీగ్రాములు దాటకూడదు. గమనించారా, కాడ్మియం హద్దు 5, గాజువాక పెరట్లో ఉన్నది 0.5. హద్దు లోపలే ఉన్న కంపోస్టైనా ఏటేటా దండిగా వేస్తే పెరుగుతూ పోవచ్చు. చిన్నపాప ఇంట్లో మడికి నేను గెత్తమే ఎంచుకుంటాను, లేదా వంటింటి చెత్తతో ఇంట్లోనే చేసుకున్నది. పాత పెరడు నేలకి కూడా ఏటా గెత్తం వేస్తూ ఉండండి, ఆ 0.35 కార్బన్ పెరగాలి, లెడ్‌ని పట్టి ఉంచడానికి పీహెచ్ తర్వాత నాకు ధైర్యం ఇచ్చేది అదే. బాగా మాగనిదైతే కరిగే సేంద్రియ ఆమ్లాలు ఎక్కువుండి కాపర్ లాంటి వాటిని నీళ్ళలోకి లాగుతాయి, మీరు చెప్పిన "మాగిన" అన్న మాట అందుకే చాలా ముఖ్యం.

ఎత్తు మడిలో మట్టి సబ్బవరంది కాబట్టి పీహెచ్ 5.7 ఉంటుంది, ఆకుకూరలకి అది కొంచెం తక్కువే, ఒకట్రెండు గుప్పెళ్ళ వ్యవసాయ సున్నం కలిపి ఆరున్నరకి తెచ్చుకుంటే చాలు. బోరునీళ్ళు పెడితే ఎలాగూ నెమ్మదిగా పైకే వెళ్తుంది.


గాజువాక_పెరడు:

ఆదివారం మావయ్యగారి ఆటోలో మట్టి తెప్పిస్తున్నాను. బెండ, ఆనప గింజలు నానబెట్టాం. పాప మూలకి ఇసుక కూడా చెప్పాను, రక్తం టెస్ట్ గురించి డాక్టర్ గారిని అడుగుతాం. మడి కట్టాక, పెరట్లో గెత్తం కలిపాక మళ్ళీ టెస్ట్ చేయించాలి అనుకుంటున్నాను, శాంపిల్ ఎలా తీయాలి? పోయినసారి పెరడు మధ్యలో ఒక్కచోట గునపంతో తవ్వి రేకు బకెట్‌లో వేసి ఇచ్చాం.


నేల_కెమిస్ట్రీ:

రేకు బకెట్ అంటే జీఐ రేకేనా? దానికి పైన పూసేది జింకే, మట్టిని అందులో కలిపితే ఆ జింక్ కొంత అంటుకుంటుంది. మీకొచ్చిన 0.5 అసలు ఇంకా తక్కువే అయ్యుండొచ్చు, 118లో పెద్ద తేడా తెలియదు గానీ 0.5లో తెలుస్తుంది. ఈసారి ప్లాస్టిక్ బకెట్, చెక్క లేదా ప్లాస్టిక్ గరిట. గునపంతో తవ్వితే గుంట అంచుకి ఇనుము తగిలిన మట్టిని చెక్కతో గీసేసి లోపలి మట్టి తీయండి. పైన ఆకు అలమ పక్కకి తోసి, ఇంగ్లీషు వి అక్షరం ఆకారంలో 15 సెంటీమీటర్ల గుంట, దాని పక్కగోడ నుంచి పైనించి కిందిదాకా ఒకే మందంలో ఒక పొర. పెరట్లో ఎనిమిది పది చోట్ల తీసి కలిపి, నీడలో ఆరబెట్టి అరకిలో ఇవ్వండి. గోడ వారన, చూరు నీళ్ళు పడే చోట తీసింది మాత్రం ఇందులో కలపకండి, వేరే కవర్లో వేయండి, పాత పెయింట్ రాలేది అక్కడే, లెడ్ ఎక్కువుంటే అక్కడే ఉంటుంది.

ల్యాబ్ వాళ్ళకి మొత్తం లెడ్, కాడ్మియంతో పాటు పీహెచ్, ఈసీ (నేలలో ఉప్పు ఎంతుందో చెప్పే కొలత), ఆర్గానిక్ కార్బన్ కూడా చేయమని రాసివ్వండి, సాయిల్ హెల్త్ కార్డ్‌లో ఉండే 12 అంశాల్లో లెడ్, కాడ్మియం రావు. రిపోర్ట్ వచ్చాక ఇక్కడే పెట్టండి, గోడ వారదీ మధ్యదీ పక్కపక్కన చూద్దాం.